'నేను' అను మాట ఎవరిది?



మన తాతల కాలమున దొర గడి యెదుట నిలిచిన కూలివాడు ఎట్లు మాటలాడెడివాడో మీ యింటి పెద్దలు చెప్పగా మీరు వినియే యుందురు. చెప్పులు చేత పట్టుకొని, తలపాగ తీసి, నడుము వంచి, "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అనెడివాడు. బాంచెన్ అనగా దాసుడు. ఆ మాటను మరల ఒక్కసారి చెవి యొగ్గి వినుడి. అందులో 'నీ' కలదు గాని 'నేను' లేదు. తన్ను గూర్చి చెప్పుకొను మాటలో సైతము ఆ మనుష్యుడు తాను లేడు, దొరయే యున్నాడు.

ఒక మనుష్యుని నోటినుండి 'నేను' అను మాటను తీసివేయవచ్చునా? నోటినుండి తీసివేసినంత మాత్రమున లోపలి 'నేను' పోవునా? అసలు ఆ 'నేను' అనగా ఏమి? శరీరమా, తలంపా, జ్ఞాపకమా, లేక ఇతరులు మనకిచ్చు గౌరవమా? పడమటి దేశముల తత్త్వవేత్తలు ఈ ప్రశ్నను దాదాపు 2400 ఏండ్లుగా విచారించుచున్నారు. "అది పెద్ద చదువులు చదివినవారి సంగతి. జగిత్యాలలో నాట్లు వేయువారికి, సిరిసిల్లలో సాంచాలు నడుపువారికి, కోరుట్లలో బీడీలు చుట్టు తల్లులకు దానితో ఏమి పని?" అందురేమో. తొందరపడకుడి. ఆ ప్రశ్నను అడిగినవారిలో రాళ్లు చెక్కువాని కొడుకు కలడు, తోలుపని చేయువాని కొడుకు కలడు, దాసుడుగా బ్రతికినవాడును కలడు.

దాసబాలుడు చెప్పిన లెక్క

ఏథెన్సు పట్టణమున సోక్రటీసు అను నతడుండెను. తండ్రి రాతిపనివాడు, తల్లి మంత్రసాని. ధనమును, పేరును ఇంత జాగ్రత్తగా కాపాడుకొనువాడు తన ఆత్మను ఏల కాపాడుకొనడని బజారులో మనుష్యులను నిలిపి అడుగుచుండెను. ఆ ప్రశ్నలు కిట్టనివారు క్రీ.పూ. 399 లో అతనికి విషమిచ్చి చంపించిరి. అతడు గ్రంథమేదియు వ్రాయలేదు. అతని శిష్యుడైన ప్లేటో వ్రాసెను. ప్లేటో వ్రాసిన వానిలో 'మేనో' అను సంభాషణమున ఒక ముచ్చట యున్నది.

సోక్రటీసు ఒక ధనవంతుని దాసబాలుని పిలిచి, నేలమీద చదరము గీసి, దీనికి సరిగా రెండింతలుండు చదరమును ఎట్లు గీయవలెనని అడిగెను. ఆ పిల్లవాడు లెక్కలు నేర్చినవాడు కాడు. మొదట, భుజమును రెండింతలు చేయవలెననెను. అట్లు గీయగా చదరము నాలుగింతలయ్యెను. పిమ్మట ఒకటిన్నర రెట్లనెను, అదియు తప్పెను. అప్పుడు తనకు తెలియదని ఒప్పుకొనెను. సోక్రటీసు మూలనుండి మూలకు గీతలు గీసి, ఒక్కొక్క ప్రశ్నయే వేయుచు పోగా, ఆ గీతపై నిలుచు చదరమే రెండింతలదని చివరకు ఆ పిల్లవాడే చెప్పెను.

ఆత్మ పుట్టుకకు ముందే సమస్తము ఎరిగి, లోకమునకు వచ్చి మరచినదనియు, నేర్చుకొనుట యనగా మరల జ్ఞాపకము చేసికొనుటయే యనియు ప్లేటో దీనినిబట్టి వాదించెను. ఆ వాదము మనము ఒప్పినను ఒప్పకున్నను, ఒక సంగతి మాత్రము ఆ నేలమీది గీతలంత స్పష్టముగా కనబడుచున్నది. యజమానునిలో ఏ వివేకమున్నదో దాసునిలోను అదే వివేకమున్నది. అయితే దుఃఖకరమైన సంగతియు నున్నది. పాఠము ముగిసిన తరువాత ఆ బాలుడు మరల దాసుడే. ఆ గ్రంథములో వాని పేరైనను లేదు.

తనంతట ఆడు నాడె

ప్లేటో శిష్యుడు అరిస్టాటిలు (క్రీ.పూ. 384–322). ఇతడు గురువుతో విభేదించి, ఆత్మ శరీరమనెడి ఇంటిలో అద్దెకున్న బాటసారి కాదనెను. కంటికి చూపు ఎట్లో శరీరమునకు ఆత్మ అట్లు అనెను. కన్ను వేరు, చూపు వేరు చేసి రెండు గంపలలో పెట్టలేము గదా. ఇది గొప్ప ఆలోచన. కాని ఇంత తెలిసినవాడే, కొందరు పుట్టుకతోనే దాసులనియు, దాసుడు ప్రాణమున్న పనిముట్టు అనియు వ్రాసెను. నాడె తనంతట తానే నేయగలిగినచో యజమానులకు దాసులతో పని యుండదని కూడ అతడే వ్రాసెను.

సిరిసిల్లకు పోయి చూడుడి. నాడె కరెంటుతో తనంతట తానే ఆడుచున్నది. అరిస్టాటిలు ఊహించినది నెరవేరినది. అయినను సాంచాల మ్రోత నడుమ పన్నెండు గంటలు నిలుచు మనిషి భారము తీరినదా? అప్పులు తీర్చలేక ప్రాణములు తీసికొన్న నేతపనివారి వార్తలు ఆ పట్టణమునుండి ఎన్నిమార్లు వినలేదు! యంత్రము పనిని మార్చును. మనుష్యుని పనిముట్టుగా చూచు కన్నును మార్చదు. ఆ అరిస్టాటిలే తన మరణశాసనములో, తనకు పరిచర్య చేసిన పిల్లలను అమ్మవద్దనియు, పెద్దవారైనప్పుడు తగినవారిని విడుదల చేయవలెననియు వ్రాసెనని ఒక ప్రాచీన గ్రంథము తెలుపుచున్నది. వాదములో ఒప్పుకొననిదానిని మరణము దగ్గర పడినప్పుడు మనస్సు ఒప్పుకొనెను కాబోలు.

నాలుగువందల ఏండ్ల తరువాత ఆ పనిముట్టే నోరు తెరచి మాటలాడెను. కొలస్సయులకు వ్రాసిన పత్రికలో మీరు చదివిన హియెరాపొలి పట్టణమున పుట్టిన ఎపిక్టేటసు, రోమాలో నీరో చక్రవర్తి కొలువులోని ఒక అధికారికి దాసుడు. ఎపిక్టేటసు అను మాటకే 'సంపాదింపబడినవాడు' అని అర్థము. మన బాంచెన్ వలెనే వాని పేరులోను యజమానుడే యున్నాడు. విడుదల పొందిన పిమ్మట అతడు గొప్ప బోధకుడాయెను. శరీరమును కట్టవచ్చును, ఆస్తిని తీసికొనవచ్చును, పేరును చెరపవచ్చును. కాని ఒక సంగతికి ఒప్పుకొనుట, ఒప్పుకొనకుండుట అను లోపలి నిర్ణయమును ఏ రాజును తీసికొనలేడని అతడు బోధించెను. 'నేను' అనగా ఆ లోపలి నిర్ణయమే యని అతని మాట.

ఒంటరిగా నయితే చేసియుండను

అగస్టీను మనకు దగ్గరివాడు. అతడు 354 లో ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశమున పుట్టెను. 430 లో మరణించెను. దాదాపు 400 నాటికి వ్రాసిన 'ఒప్పుకోళ్లు' అను గ్రంథమున తన జీవితమును దేవుని యెదుట విప్పి చూపెను. తన్ను తాను ఇంత లోతుగా వెదకికొని వ్రాసిన గ్రంథము అతనికి ముందు అరుదు.

అందులో ఒక దొంగతనము గలదు. పదునారేండ్ల వయస్సున అతడును స్నేహితులును కలిసి రాత్రివేళ పొరుగువాని చెట్టు పండ్లు దులుపుకొనిరి. ఆకలిచేత కాదు, ఇంట అంతకంటె మంచివి యున్నవి. చాలవరకు పందులకు పారవేసిరి. ఎందుకు చేసితినని ఏండ్ల తరువాత అగస్టీను తన్ను తాను నిలదీసికొనెను. ఒంటరిగా నయితే ఆ పని చేసియుండనని అతనికి తోచెను. చూచితిరా? లోపలికి వెదకుచు పోయినవానికి లోపల స్నేహితులు కనబడిరి. మన 'నేను' మనము మాత్రమే చేసికొన్నది కాదు. ఇంకను లోపలికి పోయి, జ్ఞాపకమను విశాలమైన మైదానములను, కొట్లను చూచి, తన్ను తానే పూర్తిగా ఎరుగలేనని ఆశ్చర్యపడెను.

సందేహింపలేనిది ఒక్కటే

తరువాత వెయ్యేండ్లకు పైగా గడచెను. 1619 నవంబరులో సైన్యమున చేరియున్న రెనే డెకార్టు అను ఫ్రెంచి యువకుడు, జర్మనీలో చలికి వెచ్చని గదిలో ఒంటరిగా కూర్చుండి, తాను నమ్మినదంతయు మొదటినుండి పరిశీలింపవలెనని తీర్మానించెను. 1637, 1641 సంవత్సరములలో వెలువడిన గ్రంథములలో ఆ విచారణ ఫలమును వ్రాసెను. కన్ను మోసగింపవచ్చును, ఈ లోకమంతయు కల కావచ్చును. కాని సందేహించుచున్నవాడు ఒకడున్నాడను సంగతిని సందేహింపలేము. తలంచుచున్నాను గనుక ఉన్నాను. ఆ తలంచునదే 'నేను' అని అతడు తేల్చెను. మంచి వివేకము అందరికిని సమముగా పంచబడినదనియు అతడు వ్రాసెను.

అయితే 1643 లో బొహీమియా రాజకుమారి ఎలిజబెత్తు అతనికి జాబు వ్రాసి, శరీరము కాని ఆత్మ శరీరమును ఎట్లు కదల్చునని అడిగెను. డెకార్టు ఎన్ని జాబులు వ్రాసినను ఆమెకు తృప్తి కలుగలేదు. ఆమె తన జబ్బులను, తన ఇంటి దుఃఖములను తన మనస్సుతో కలిపియే చూచెను. రోజంతయు వంగి నాటు వేసిన స్త్రీకి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నడుము నొచ్చినప్పుడు 'నా శరీరము నొచ్చుచున్నది, నేను కాదు' అని ఎవరును అనరు.

జ్ఞాపకమా, కట్టయా?

ఇంగ్లాండువాడైన జాన్ లాకు (1632–1704), పుట్టినప్పుడు మనస్సు వ్రాతలేని తెల్లకాగితము వంటిదనెను. నిజాము కాలమున చేతి కాగితమునకు పేరుగన్న కోరుట్లవారికి ఈ పోలిక ఇట్టే తెలియును. 1694 లో తన గ్రంథమునకు ఒక అధ్యాయము చేర్చి, నిన్నటి మనిషియు నేటి మనిషియు ఒక్కడే యని ఎట్లు చెప్పుదుమని అడిగెను. రాజకుమారుని జ్ఞాపకములన్నియు ఒక చెప్పులు కుట్టువాని శరీరములో చేరినచో, వాడు ఎవడు? శరీరము చెప్పులు కుట్టువానిదైనను, వాడు రాజకుమారుడే యని లాకు జవాబు. మనుష్యుని ఒక్కనిగా నిలుపునది జ్ఞాపకముతో కూడిన తెలివి. హృదయ రహస్యములు బయలుపడు తీర్పుదినమున మనుష్యుడు తనవని ఎరిగిన క్రియలకే లెక్క చెప్పవలెనని అతడు వ్రాసెను.

దుబాయి, మస్కటు వెళ్లి పదునైదేండ్లకు తిరిగివచ్చిన తండ్రిని తలంచుడి. తల నెరసినది; పోవునప్పుడు పాలుత్రాగు బిడ్డ ఇప్పుడు ఆయనను గుర్తుపట్టదు. ఆయన ఆయనేనా? చేసిన అప్పు, చేసిన వాగ్దానము, మోసిన జ్ఞాపకము ఆయనవే. లాకు 'అవును' అనును. ప్రతి మనుష్యునికి తన దేహము తన సొత్తు అనియు లాకు వేరొకచోట వ్రాసెను. కాని ఆఫ్రికావారిని దాసులుగా అమ్ము కంపెనీలో అతడు డబ్బు పెట్టెను. ఇదియు చరిత్రయే, దాచకూడదు. పాస్‌పోర్టు యజమానుని పెట్టెలో చిక్కి, ఇంటికి రాలేక పరదేశమున ఏడ్చిన మన పిల్లలు ఎందరో! దేహము తనదైనను, దారి తనది కాకపోయెను.

స్కాట్లాండువాడైన డేవిడ్ హ్యూము 1739 లో మరింత ధైర్యముగా ఇట్లనెను: నేను నాలోనికి చూచుకొన్నప్పుడెల్ల వేడియో చలియో, ప్రేమయో ద్వేషమో, ఏదో ఒక అనుభవము కనబడుచున్నది గాని, వీటన్నిటికి వేరుగా 'నేను' అనునది ఎక్కడను కనబడలేదు. కావున మనిషి అనుభవముల కట్ట మాత్రమే.

అక్కలారా, చెల్లెలారా, కట్ట అనగా ఏమో మీకు తెలిసినట్లు హ్యూముకు తెలియదు. తునికాకు కత్తిరించి, చుట్టి, మూతి మడిచి, లెక్కపెట్టి, దారముతో కట్టినగాని బీడీలు కట్ట కావు. దారము లేక కట్ట లేదు. కట్టువారు లేక దారము ముడిపడదు. మరి అనుభవములను కట్టిన దారమేది? హ్యూము నిజాయితీగలవాడు. 1740 లో తన గ్రంథమునకు అనుబంధము వ్రాసి, ఆ కట్టును తాను వివరింపలేకపోతినని ఒప్పుకొనెను.

వెల గలది, ఘనత గలది

దారమును చూపుటకు ప్రయత్నించినవాడు ఇమ్మానుయేలు కాంటు (1724–1804). ఇతని తండ్రి గుఱ్ఱములకు తోలు పట్టెడలు కుట్టి బ్రతికినవాడు, తల్లిదండ్రులు భక్తిగలవారు. అనుభవములన్నిటితో 'నేను తలంచుచున్నాను' అనునది కూడిరాగలదనియు, అట్లు కాకున్న అవి నావని చెప్పుటకే వీలులేదనియు అతడు 1787 లో వ్రాసెను. దారము కట్టలో ఇంకొక బీడీ కాదు. కట్టను కట్టగా చేయునది.

కాని మనకు అంతకంటె ముఖ్యమైనది అతడు 1785 లో వ్రాసినది. లోకములో ప్రతిదానికి వెలయైనను ఉండును, ఘనతయైనను ఉండును. వెల గలదానికి బదులు మరియొకటి పెట్టవచ్చును. ఘనత గలదానికి బదులు లేదు. మనుష్యునికి వెల లేదు, ఘనత గలదు. కావున ఎవనిని కేవలము సాధనముగా వాడుకొనకూడదు. అరిస్టాటిలు 'ప్రాణమున్న పనిముట్టు' అన్న మాటను ఒక తోలుపనివాని కొడుకు ఇట్లు కొట్టివేసెను. ఆ కాంటు సైతము ఇతర జాతులను తక్కువచేసి వ్రాసిన మాటలు గలవు. సత్యము చెప్పినవాడే దాని వెంబడి తుదివరకు నడువడు.

తరువాత హెగెలు (1770–1831) ఒక క్రొత్త సంగతి చెప్పెను. ఒంటరి గదిలో 'నేను' తెలియదు. ఎదుటివాడు మనలను మనుష్యుడని గుర్తించినప్పుడే అది నిలుచును. 1807 నాటి గ్రంథములో అతడు యజమానుడు, దాసుడు అను ఇద్దరిని మన ముందు నిలిపెను. ఇద్దరు పోరాడిరి, ప్రాణభయముచేత ఒకడు లొంగి దాసుడాయెను. యజమానునికి మ్రొక్కు దొరకెను. కాని ఎవని మ్రొక్కు? తాను మనుష్యుడని ఎంచనివాని మ్రొక్కు! అది వానికి తృప్తినిచ్చునా? పైగా దాసుడు లేనిదే వానికి కూడు లేదు, గుడ్డ లేదు. దాసుడో, తన చేతిపనిలో తన్ను తాను చూచుకొని, నేను ఉన్నాను అని మెల్లగా తెలిసికొనును.

ఇది మన చరిత్ర కాదా? వెట్టిని రద్దుచేయు చట్టము దేశమంతటికి 1976 లో వచ్చెను. చట్టము కాగితముమీద నుండెను. బాంచెన్ అను మాట నోటిమీద నుండెను. 1978 సెప్టెంబరులో వెట్టి పోవలెననియు, కూలి పెరుగవలెననియు, దొరలు పట్టుకొన్న బంజరు భూములు విడువవలెననియు వేలకొలది కూలీలు, బీదరైతులు జగిత్యాలకు నడచివచ్చిరి. దానికి జైత్రయాత్ర అని పేరు. కొన్ని ఊళ్లలో దొరల బట్టలు ఉతుకువారు, గడ్డము గీయువారు, పొలము దున్నువారు పని మానిరి. ఎవరికి ఎవరు ఆధారమో ఆ దినమున గడి తలుపుల వెనుకనున్నవారికి తెలిసినది. హెగెలు పేరైనను విననివారు హెగెలు వ్రాసినదానిని నడిచి చూపిరి.

అదే సంవత్సరము అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. పిమ్మటి ఏండ్లలో తుపాకులు మ్రోగెను. అన్ని వైపులను తల్లులు ఏడ్చిరి. ఆ రక్తమును మనము పొగడము. అయినను వంగిన నడుము లేచి 'నేను' అని చెప్పిన ఆ దినమును మరువము.

'నీవు' అను మాట, 'అది' అను మాట

చివరిగా మార్టిన్ బూబరు (1878–1965) అను యూదుని మాట. 1923 లో అతడు వ్రాసిన చిన్న గ్రంథమున, ఒంటరి 'నేను' లేదనెను. మనుష్యునితో 'నేను–నీవు' అని నిలుచునది ఒక 'నేను'. 'నేను–అది' అని వాడుకొనునది మరియొక 'నేను'. ఎదుటివానిని వస్తువుగా చూచినప్పుడు వాడే కాదు, చూచిన మనమును చిన్నవారమగుదుము.

జ్ఞాపకము పోయిన ముసలమ్మను తలంచుడి. కన్నకొడుకు పేరు మరచినది. లాకు లెక్క ప్రకారము ఆమె ఆమె యగునా అని సందేహము వచ్చును. కాని కొడుకు ఆమె మంచము దగ్గర కూర్చుండి 'అమ్మా' అని పిలిచి, ముద్ద కలిపి నోట పెట్టుచున్నాడు. ఆమె మరచిన 'నేను'ను ఆమె బదులు అతడు పట్టుకొని యున్నాడు. కట్టకు దారము ఒక్కొక్కప్పుడు పొరుగువాని చేతిలో నుండును.

మన తెలుగులో బూబరు మాట మరింత సూటిగా తగులును. గౌరవింపదగిన స్త్రీని 'ఆమె' అందుము. పనికి వచ్చు బీదరాలిని 'అది వచ్చిందా?' అందుము. రాయికిని, బర్రెకును, ఆమెకును ఒక్కటే మాట! గడి పోయినది, దొర పోయినాడు. ఆ చిన్న మాట మన ఇండ్లలో మిగిలియున్నది. మగ్గముమీది కూలివానిని 'ఒరే' అని, డబ్బున్నవాడు వచ్చినప్పుడు 'దయచేయండి' అని పలుకు నాలుక ఎవరిది? ఒకప్పుడు 'బాంచెన్' అన్న తాతల మనుమలది కాదా? ఆదివారమున ఒకే చాపమీద కూర్చుండి, సోమవారమున ఒకనిని 'అది'గా చేసినయెడల మన కూడిక ఏపాటిది?

రేపు తెల్లవారినప్పుడు మీ వాకిట నిలుచు మనుష్యుని ఏమని పిలుతురో ఆలోచించుడి. పేరు తెలియకున్న అడుగుడి. ప్లేటో వ్రాసిన గ్రంథమున ఆ దాసబాలుని పేరు ఎవరును అడుగలేదు. మనమైనను అడుగుదము.